పట్టేసిన బోల్టుకు ఏ పానా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లోనే కారు విప్పుకునే పాఠకుల ఉత్తరాలు ఈసారి ఒకే చోట ఆగాయి: ఊడిరాని భాగం దగ్గర. అందరూ అడిగింది ఏ పనిముట్టు కొనాలని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ భాగాన్ని పట్టి ఉంచింది ఏమిటని. తుప్పుకు వాడే పనిముట్టు మసికి పనికిరాదు. మసికి వాడేది కేవలం గట్టి బిగింపు ఉన్నచోట పనిచేయదు. కింది జవాబులన్నీ ఆ తేడా మీదే నడుస్తాయి.

ప్రశ్న (విశాఖపట్నం): సముద్రానికి దగ్గర్లో ఇల్లు, పదేళ్ల పెట్రోలు కారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాల గుత్తి) గాస్కెట్ మారుద్దామంటే నట్లు కదలడం లేదు. రాత్రంతా డబ్ల్యూడీ-40 కొట్టి ఉంచాను. రింగు పానా వేస్తే రెండు నట్ల మూలలు పోయాయి. ఇంకా పెద్ద పానా కొనాలా?

జవాబు: వద్దండి. ఇక్కడ చాలనిది బలం కాదు, పట్టు. సెట్లలో వచ్చే రింగు పానాలు చాలావరకు, సాకెట్లు కొన్ని పన్నెండు మూలలవి. అవి నట్టును దాని మూలల దగ్గరే పట్టుకుంటాయి. తుప్పు తిన్న నట్టుకు ముందు పోయేవీ ఆ మూలలే. ఆరు మూలల సాకెట్ అయితే నట్టు చదును పక్కల మీద ఒత్తుతుంది. తుప్పు పట్టిన నట్టు మీద పన్నెండు మూలల సాకెట్ అసలు పెట్టకూడదు.

సైజు కూడా సరిచూసుకోండి. 8 ఎంఎం మర ఉన్న నట్టుకు జపాన్ పద్ధతి కార్లలో తల 12 ఎంఎం ఉంటుంది, యూరప్ పద్ధతి కార్లలో 13. పన్నెండు మీద పదమూడు పెట్టినా ఎక్కుతుంది, తిప్పగానే జారుతుంది.

మూలలు పోయిన ఆ రెండు నట్లకు తేలికైన దారి, కొంచెం చిన్న సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించడం. 13 నట్టుకు అర అంగుళం సాకెట్ సరిపోతుంది, ఎందుకంటే అది 12.7 ఎంఎం. 10 నట్టుకు 3/8 అంగుళం, అంటే 9.5 ఎంఎం. 17కు 16. మీ నట్లు 12వి అయితే ఇంత దగ్గర సైజు దొరకదు. అప్పుడు లోపల మెలిక గాళ్లున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ తీసుకోండి. తిప్పేకొద్దీ కొరికి పట్టుకుంటుంది. అదీ జారితే నట్ స్ప్లిటర్: ఉలి లాంటి మొన నట్టును పక్కనుంచి చీలుస్తుంది, స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) దక్కుతుంది. అయితే స్ప్లిటర్ చట్రం పట్టడానికి నట్టు చుట్టూ చోటుండాలి. మానిఫోల్డ్ కింది వరుసలో చాలా కార్లకు ఆ చోటుండదు, ముందే చూసి కొనండి.

ఇక నూనె సంగతి. డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది: నీటిని తోలేయడం. 1953లో నలభయ్యోసారికి కుదిరిన ఫార్ములా కాబట్టి 40. మరల్లోకి పాకడానికి విడిగా పెనెట్రేటింగ్ ఆయిల్ అని అమ్ముతారు, అది కొనండి. దాన్ని కూడా ఒక్కసారి కొట్టి వదిలేస్తే లాభం లేదు. ముందు వైరు బ్రష్‌తో స్టడ్ కొస మీది తుప్పు గీకండి, అక్కడినుంచే నూనె దిగాలి. రోజుకు రెండుసార్లు చొప్పున రెండు రోజులు వేస్తూ, వేసిన ప్రతిసారీ నట్టు మీద సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు వేయండి. ఆ అదురుకు తుప్పు పొర పగుళ్లిచ్చి నూనెకు దారి దొరుకుతుంది. తరువాత నట్టును ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించి, అప్పుడు విప్పే వైపు తిప్పండి. కదిలిన తరువాత కూడా ఏకబిగిన విప్పకండి. అర చుట్టు విప్పి, పావు చుట్టు బిగించి, మళ్లీ నూనె వేసి, మళ్లీ విప్పాలి. పట్టేసిన నట్టును ఒకే ఊపులో తిప్పితే రాలిన తుప్పు మరల మధ్య ఇరుక్కుని స్టడ్ తెగుతుంది.

దీనికీ లొంగకపోతే వేడి చేయాలి. మంట నట్టుకు మాత్రమే తగలాలి, స్టడ్‌కు కాదు. నట్టు వ్యాకోచిస్తేనే కదా రంధ్రం పెద్దదయ్యేది. సన్నగా ఎర్రబారేదాకా కాల్చి, ఆ వేడి మీదే పానా వేయండి. ఇంట్లో వాడే చిన్న గ్యాస్ టార్చ్‌తో అంత ఎరుపు రాకపోవచ్చు. రాకపోయినా మూడు నాలుగుసార్లు కాల్చి చల్లార్చితే తుప్పు పట్టు సడలుతుంది. వేడిగా ఉన్న మర దగ్గర కొవ్వొత్తి ముక్క తాకించండి, కరిగిన మైనం లోపలికి పీల్చుకుపోతుంది. సిలిండర్ హెడ్ అల్యూమినియందైతే మంట దాని వైపు తిరగకూడదు. ఇనుములా అది ఎర్రబడి హెచ్చరించదు, రంగు మారకుండానే కరిగిపోతుంది.

మంట వెలిగించేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, పెట్రోలు పైపు ఎటు పోతోందో చూసుకోండి, అంతకుముందు కొట్టిన నూనెను గుడ్డతో తుడిచేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట అసలు పెట్టవద్దు. అది కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు పాత నట్లు వాడకండి. కొత్తవి వేసి, మరలు మళ్లీ పట్టేయకుండా వాటికి వేడి తట్టుకునే యాంటీ-సీజ్ పూత పూయండి.

ప్రశ్న (హనుమకొండ): పాత హోండా సిటీ, తొలి మోడల్. టైమింగ్ బెల్ట్ మార్చడానికి క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన ఇరుసు కొసన ఉండే చక్రం) బోల్టు విప్పాలి. రాట్చెట్‌కు పైపు తొడిగి లాగితే రాట్చెట్ పళ్లు విరిగాయి. పొడుగు బార్ పెట్టి, దాని కొస నేలకు ఆనించి, ఒక్క క్షణం సెల్ఫ్ కొడితే వదులవుతుందని ఒక మిత్రుడు చెప్పాడు. చేయవచ్చా?

జవాబు: చేయకండి. ఆ కిటుకు పుట్టింది, పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ఇంజన్ల కోసం. తొలి తరం సిటీలోని డి-సిరీస్ ఇంజన్ దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. బోల్టు మర మాత్రం మామూలు మరే. బోల్టును ఆపి సెల్ఫ్ కొడితే అది విడదు, ఇంకా బిగుస్తుంది. సరైన దిశలో తిరిగే ఇంజన్‌లోనైనా ఆ పద్ధతి మంచిది కాదు. సాకెట్ జారితే బార్ ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ బోల్టును పట్టింది తుప్పు కాదు, బిగింపు. హోండాల్లో దీనికి 180 న్యూటన్ మీటర్లు, అంతకంటే ఎక్కువ బిగించే మోడళ్లున్నాయి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి అది ఇంకా గట్టిపడుతుంది. లెక్క చూడండి: 25 సెంటీమీటర్ల రాట్చెట్ కొసన 30 కిలోల బరువు వేస్తే పడేది 75 న్యూటన్ మీటర్లలోపే. అదే బరువు 60 సెంటీమీటర్ల బార్ మీద వేస్తే 175 దాటుతుంది, మీటరు పైపు తొడిగితే 290 దాకా వస్తుంది. రాట్చెట్ లోపల ఈ బలాన్ని మోసేది రెండు మూడు చిన్న పళ్లు. అవి విరగడంలో వింత లేదు. పైపు తొడగాలనుకుంటే పళ్లు లేని బ్రేకర్ బార్‌కే తొడగాలి. అర అంగుళం డ్రైవ్ (సాకెట్ ఎక్కే చదరపు కొస), రెండడుగుల పొడవు ఉన్నది తీసుకోండి. సాకెట్ కూడా ఇంపాక్ట్ రకం, నల్లగా మందంగా ఉండేది కొనండి. మెరిసే క్రోమ్ సాకెట్ గట్టిదే కానీ పెళుసు, ఇంత బలానికి చిట్లవచ్చు. బోల్టు తల 17 లేదా 19 ఉంటుంది, కొలిచి కొనండి.

రెండో సమస్య, బోల్టుతో పాటు ఇంజన్ తిరగడం. చాలా హోండా పుల్లీల మధ్యలో 50 ఎంఎం ఆరు పలకల గుంట ఉంటుంది. దానిలో కూర్చునే హోల్డర్ విడిగా దొరుకుతుంది, నడుమ రంధ్రంలోంచి సాకెట్ దూరుతుంది. హోల్డర్ బార్‌ను నేలకు లేదా సస్పెన్షన్ కింది ఆర్మ్‌కు ఆనించండి. మీ పుల్లీకి ఆ గుంట లేకపోతే ఫ్లైవీల్ పళ్లను పట్టి ఆపే లాక్ వాడాలి. ఐదో గేరు వేసి ఒకరిని బ్రేకు తొక్కమనడం మాన్యువల్ గేరు కారులో కొంతవరకు పనిచేస్తుంది, ఆటోమేటిక్‌లో అస్సలు పనిచేయదు. క్యామ్ పుల్లీని పట్టుకుని ఇంజన్ ఆపాలని మాత్రం చూడకండి, ఆ బలమంతా బెల్టు మీద పడుతుంది.

సాకెట్‌కూ బార్‌కూ మధ్య ఎక్స్‌టెన్షన్ (పొడిగింపు కడ్డీ) పెట్టక తప్పదు. దాని బయటి కొస కింద జాకీ స్టాండ్ ఒకటి ఆనించండి. అలా ఆసరా లేకపోతే బార్ కిందికి వంగి సాకెట్ వాలుతుంది, బోల్టు తల మూలలు పోతాయి. బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ ఉంటే ఈ పనికి దానంత సుఖం లేదు. దాని సుత్తిదెబ్బలకు ఇంజన్ తిరిగే వ్యవధే ఉండదు. అయితే ప్రతి ఎక్స్‌టెన్షన్, ప్రతి జాయింటు దెబ్బను కొంత మింగేస్తాయి. డబ్బా మీద 400 న్యూటన్ మీటర్లు అని ఉన్నా బోల్టుకు చేరేది అంత కాదు.

బోల్టు వచ్చాక పుల్లీ తీయాలి. ఇక్కడ కాళ్ల పుల్లర్‌ను బయటి అంచుకు తగిలించి లాగకండి. చాలా పుల్లీలు రెండు ముక్కలు, నడుమ రబ్బరు వలయం. అంచు పట్టి లాగితే రబ్బరు తెగి బయటి ముక్క జరుగుతుంది. అలా జరిగిన పుల్లీ మీది టైమింగ్ గుర్తు కూడా అబద్ధం చెబుతుంది. పుల్లీ నడిమి భాగమైన హబ్‌లో మర రంధ్రాలుంటే వాటిలో బోల్టులు వేసి లాగే పుల్లర్ సరైనది. పుల్లర్ స్క్రూ క్రాంక్ కొస మరల మీద నేరుగా ఒత్తకుండా మధ్యలో ఒక మొద్దు ముక్క పెట్టండి. హోండా పుల్లీ కీ (ఇరుసులో ఇమిడే చిన్న ఇనుప ముక్క) మీద జారే రకం కనుక చాలాసార్లు నూనె వేసి, అటూ ఇటూ రెండు లివర్లతో కొద్దికొద్దిగా ఎత్తితేనే వస్తుంది. లివర్ ఆనించేచోట ఆయిల్ పంపు అల్యూమినియం మూత ఉంటే చెక్కముక్క అడ్డం పెట్టడం మరువకండి.

తిరిగి బిగించడానికి ఇంపాక్ట్ వాడకూడదు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్, సర్వీసు మాన్యువల్‌లోని అంకె, అంతే.

ప్రశ్న (డల్లాస్): 2005 ఫోర్డ్ ఎఫ్-150, 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వుల ఇంజన్. స్పార్క్ ప్లగ్గులు మార్చబోతే విరుగుతాయని అందరూ భయపెడుతున్నారు. ఏ పనిముట్లు దగ్గర పెట్టుకోవాలి?

జవాబు: భయం వట్టిది కాదు. ఆ ఇంజన్ ప్లగ్గు మామూలు ప్లగ్గులా ఒకే ముక్క కాదు. మర కింద పొడవాటి పలచని ఉక్కు గొట్టం విడిగా అతికి ఉంటుంది. ఆ గొట్టం చుట్టూ మసి గడ్డకడుతుంది. పైభాగం తిరుగుతుంది, గొట్టం హెడ్‌లోనే ఉండిపోతుంది. పట్టింది మసి కనుక దానికి మందు బలం కాదు, ద్రావకం. కొంత ఓపిక.

ఫోర్డే వర్క్‌షాపులకు ఇచ్చిన పద్ధతి ఇది. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ప్లగ్గు గుంటలను గాలితో ఊది శుభ్రం చేయండి. ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వరకే వదులు చేసి ఆపండి, అంతకుమించి వద్దు. గుంటలో కార్బురేటర్ క్లీనర్ పోసి కనీసం 15 నిమిషాలు నాననివ్వండి. ఆ తరువాత అర చుట్టు బిగిస్తూ, అర చుట్టు విప్పుతూ పోవాలి. తిరిగేటప్పుడు ఎదురు 45 న్యూటన్ మీటర్లకు మించుతోందంటే మళ్లీ క్లీనర్ పోసి ఆగండి. కిర్రుమంటుంటే తొందరపడవద్దు. ఇంపాక్ట్ రెంచ్‌ను ఈ పని అయ్యేదాకా పెట్టెలోంచి తీయకండి.

ఇంతా చేసి గొట్టం లోపల మిగిలిపోతే, ఈ ఇంజన్ కోసమే తయారైన రిమూవర్ కిట్ ఉంది. ముందు పింగాణీని కొంచెం కిందికి నెడుతుంది, తరువాత గొట్టంలోకి మర కోస్తుంది, ఆపైన నట్టు బిగిస్తూ గొట్టాన్ని పైకి లాగుతుంది. జీవితంలో ఒక్కసారి వాడే దీన్ని కొనకపోయినా ఫరవాలేదు. మీ దగ్గర ఆటోజోన్ వంటి దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిచ్చి, తిరిగి తెస్తే డిపాజిట్ వెనక్కి ఇస్తాయి. ఈ కిట్ ఉందేమో ముందే కనుక్కుని పని మొదలుపెట్టండి. లోపలికి పింగాణీ ముక్క పడిందన్న అనుమానం ఉంటే ప్లగ్గు రంధ్రంలోంచి బోరోస్కోప్ కెమెరా దించి చూసి, సన్నని గొట్టంతో వాక్యూమ్ చేశాకే స్టార్ట్ చేయాలి.

మన దగ్గరి కార్ల ప్లగ్గులకు ఇంత తిప్పలు లేదు. ప్లగ్గు సాకెట్ 16 లేదా 14 ఎంఎం, లోపల రబ్బరు లేదా అయస్కాంతం ఉన్నది చాలు. సగం వచ్చి బిగుసుకుంటే పై సూత్రమే: నూనె చుక్క, పావు చుట్టు లోపలికి, అర చుట్టు బయటికి. కొత్తవి బిగించడంలో అందరూ అతి చేస్తారు. అల్యూమినియం హెడ్‌లో 14 ఎంఎం మర ప్లగ్గుకు 25-30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం మరకు 15-20, 10 ఎంఎం మరకు 10-12. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే చేత్తో ఆనేదాకా తిప్పి, అక్కడినుంచి అర చుట్టు పైచిలుకు. వచ్చేసారి విప్పలేకపోవడానికి సగం కారణం ఈసారి బిగించిన తీరే.

ప్రశ్న (నిజామాబాద్): డీజిల్ కారు, కామన్ రైల్ ఇంజన్. రెండు గ్లో ప్లగ్గులు (చల్లని డీజిల్ ఇంజన్ స్టార్ట్ కావడానికి లోపల వేడి పుట్టించేవి) పోయాయి, ఉదయం స్టార్టింగ్ కష్టం. పొడుగు బార్‌తో విప్పవచ్చా?

జవాబు: పొడుగు బార్ దీనికి శత్రువు. గ్లో ప్లగ్గు ఇంచుమించు పెన్సిల్ అంత సన్నం. 8 ఎంఎం మర ఉన్నది 20 న్యూటన్ మీటర్ల దగ్గర, 10 ఎంఎం మర ఉన్నది 35 దగ్గర విరుగుతుంది. విరిగితే హెడ్ దించాల్సి రావచ్చు. కాబట్టి విప్పడానికే టార్క్ రెంచ్ వాడాలి, అదీ ఎడమవైపు తిప్పినా టిక్కుమనే రకం. 8 ఎంఎం ప్లగ్గుకు 15-16 దగ్గర సెట్ చేయండి. టిక్కుమందా, ఆగిపోవాలి. ఫ్యూజులా అది మిమ్మల్ని కాపాడుతుంది.

స్పార్క్ ప్లగ్గుకు చల్లని ఇంజన్ అన్నాం, దీనికి వేడి ఇంజన్ కావాలి. రెండు రోజులు ముందుగా మొదళ్లలో పెనెట్రేటింగ్ ఆయిల్ వేస్తూ కారు నడపండి. ఆ తరువాత ఇంజన్ బాగా వేడెక్కాక ప్రయత్నించండి. రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ నడపడం, మర్నాడు మళ్లీ ప్రయత్నం. వారం పట్టినా హెడ్ దించడం కంటే చవకే. పాతది వచ్చాక రంధ్రంలోని మసిని గ్రీజు పూసిన రీమర్‌తో గీకి తీయకుండా కొత్తది పెట్టకండి, అది సరిగా కూర్చోదు. బిగించే టార్క్ విరిగే అంకెలో సగాన్ని మించకూడదు.

ప్రశ్న (ఏలూరు): ఆయిల్ ఫిల్టర్ చేత్తో రావడం లేదు. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పమంటున్నారు.

జవాబు: గుచ్చితే పలచని రేకు చీరుకుపోయి, అడుగు చట్రం మాత్రం ఇంజన్‌కే మిగిలిపోతుంది. ముందు ఫిల్టర్ చుట్టూ గరుకు కాగితం చుట్టి చేత్తో ప్రయత్నించండి. తరువాత బెల్టు రెంచ్, లేదా ఫిల్టర్ తలకు సరిగ్గా తొడుక్కునే కప్పు రెంచ్. చోటు తక్కువైతే మూడు గోళ్ల రెంచ్. కొత్తదాని రబ్బరు వలయానికి వేలితో నూనె రాసి, వలయం తాకిన చోటునుంచి ముప్పావు చుట్టు చేత్తోనే బిగిస్తే ఈ బాధ మళ్లీ రాదు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): థర్మోస్టాట్ హౌసింగ్ విప్పుతుంటే 8 ఎంఎం బోల్టు తెగి సగం లోపలే ఉంది. బోల్టు ఎక్స్‌ట్రాక్టర్ సెట్ కొన్నాను. ఎలా వాడాలి?

జవాబు: కొన్నారు కాబట్టి పెట్టె మూసి కాసేపు పక్కన పెట్టండి. ఎక్స్‌ట్రాక్టర్ చివరి మెట్టుకు ముందుది, మొదటి మెట్టు కాదు.

తెగిన ముక్క పైకి 4-5 ఎంఎం కనబడుతుంటే వైస్ గ్రిప్ ప్లయర్‌తో గట్టిగా పట్టి అటూ ఇటూ ఆడించండి. పట్టు దొరకకపోతే వెల్డింగు చేసేవారిని పిలిచి, ముక్క మీద నట్టు పెట్టి మధ్యలో వెల్డు వేయించండి. ఇంటి పద్ధతులన్నిటిలో మేలైనది ఇదే. వెల్డు వేడికి తుప్పు పట్టు సడలుతుంది, చుట్టూ ఉన్న అల్యూమినియంకు ఉక్కు వెల్డు అంటుకోదు. చల్లారాక నట్టుకు పానా వేసి మెల్లగా తిప్పండి. వెల్డింగుకు ముందు బ్యాటరీ రెండు తీగలూ విప్పాలి.

ముక్క లోపలికే ఉంటే కథ వేరు. తెగిన ముఖాన్ని ఫైల్‌తో చదును చేసి, సరిగ్గా నడిమధ్య సెంటర్ పంచ్ కొట్టండి. ఈ పనంతా నిలబడేది ఆ చుక్క మీదే. డ్రిల్లు పక్కకు పోయిందంటే మెత్తని అల్యూమినియంలోకి దిగుతుంది. ఎడమ మర డ్రిల్ బిట్ దొరికితే అదే కొనండి. ముందు 3, తరువాత 5 ఎంఎం. అది తిరిగేది విప్పే దిశలోనే కనుక చాలాసార్లు ముక్క తనంతట తానే బయటికి నడిచి వస్తుంది.

అప్పటికీ రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్. మొన సన్నగా మెలికలున్న రకం రంధ్రంలో దిగేకొద్దీ ముక్కను విప్పార్చి ఇంకా బిగిస్తుంది. నిలువు గాళ్ల రకం నయం. చేతి టి-హ్యాండిల్‌తో మాత్రమే తిప్పండి, వంగుతున్నట్టు అనిపిస్తే వదిలేయండి. అది బోల్టు కంటే గట్టి ఉక్కు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. కార్బైడ్ బిట్ కావాలి, లేదా విజయవాడ ఆటోనగర్ వంటిచోట స్పార్క్ ఎరోజన్ యంత్రం (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచేది) ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి.

చివరి మెట్టు, ముక్కను పూర్తిగా డ్రిల్లు చేయడం. 8×1.25 మరకు 6.8 ఎంఎం డ్రిల్లు. పాత మర మిగిలి ఉంటే మర కోసే ట్యాప్‌తో శుభ్రం చేస్తే చాలు. మర పోయిందంటే 8.3 ఎంఎంకు పెంచి, హెలికాయిల్ ట్యాప్ వేసి, తీగ చుట్ట దించాలి. ఇది మాత్రం చేతి డ్రిల్లుతో వంకర పోయే అవకాశం ఎక్కువ. హౌసింగ్ విడిగా వచ్చే భాగమైతే లేత్ వాళ్లకిచ్చి నిలువుగా చేయించుకోండి.

ప్రశ్న (ఒంగోలు): కొత్తగా మొదలుపెడుతున్నాను. 150 ముక్కల పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో చవకగా ఉంది. తీసుకోనా?

జవాబు: ఆ 150లో చాలా భాగం స్క్రూడ్రైవర్ బిట్లే ఉండవచ్చు. ఆ డబ్బుతో అర అంగుళం డ్రైవ్ ఆరు మూలల సాకెట్లు 10, 12, 13, 14, 17, 19 విడిగా కొనండి. వీటిలో 12, 14 పొడుగువి కూడా. వాటికి తోడు రెండడుగుల బ్రేకర్ బార్, మంచి కంపెనీ రింగు పానాల సెట్, అరకిలో సుత్తి, సుత్తి కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్, పెనెట్రేటింగ్ ఆయిల్ ఒక డబ్బా. టపారియా వంటి మన కంపెనీల రింగు పానాలు ఇంటి పనికి ధారాళంగా సరిపోతాయి. హైదరాబాద్ వైపు వెళ్లే పని ఉంటే రాణిగంజ్‌లో చేత్తో పట్టి, సాకెట్‌ను కొత్త బోల్టు మీద పెట్టి ఎంత ఆడుతోందో చూసి కొనవచ్చు. ఆ ఆట ఆన్‌లైన్ బొమ్మలో కనబడదు. పుల్లర్లు, ఎక్స్‌ట్రాక్టర్లు ఇప్పుడే వద్దు, అవసరం వచ్చిన రోజు ఆ భాగం కొలతకు తగ్గవి కొనుక్కోండి. మిగిలిన డబ్బు టార్క్ రెంచ్‌కు దాచండి.